తిరిగొచ్చిన బిళ్ళల బరువు

పోయిన వారం బోర్డు ఆఫీసరు గారిని మా గోడౌను గుమ్మంలో నిలబెట్టి, మిమ్మల్ని ఆయన వెనకాల నిలబెట్టి వెళ్ళిపోయాను. తిట్టుకునే ఉంటారు. రండి, ఇద్దరూ లోపలికి రండి. ఈ వారమే కొత్తగా వచ్చినవాళ్ళుంటే వాళ్ళకి నాలుగు ముక్కల్లో సంగతి చెప్పేసి పనిలో పడతాను.

మాది చెవి మిషన్లలో వేసే బ్యాటరీలు బయటి దేశం నుంచి తెప్పించి అమ్మే వ్యాపారం. చొక్కా గుండీ అంత ఉంటుంది ఒక్కో బ్యాటరీ. మేం బిళ్ళ అంటాం. ముందు గదిలో మా అన్నయ్య పాడైన చెవి మిషన్లు బాగుచేస్తాడు, నేను ఊళ్ళు తిరిగి బిళ్ళలు అమ్ముతాను, మిగిలినదంతా, అంటే వ్యాపారం, మా వదిన చూస్తుంది. మా అమ్మ ఇంటి పెద్ద. ఆమెకీ రెండు చెవుల్లో మిషన్లున్నాయి, కానీ తనకి నచ్చిన మాటే వింటుంది.

బ్యాటరీలు తెప్పించేవాళ్ళు ఏడాదిలో ఎన్ని కిలోలు తెచ్చారు, వాడేసినవి జనం దగ్గర నుంచి ఎన్ని కిలోలు వెనక్కి తీసుకున్నారు అన్నది కాలుష్య బోర్డుకి రాసివ్వాలి. అది చూసి, వచ్చి తనిఖీ చేసి, బోర్డు మన రిజిస్ట్రేషన్ ఇంకో ఏడాదికి పొడిగిస్తుంది. ఆ కాగితం చూపిస్తేగాని పోర్టు వాళ్ళు సరుకు వదలరు. మా పెట్టె పన్నెండు రోజులుగా పోర్టులోనే పడి ఉంది. వినికిడి లేని పిల్లల బడిలో నూట నలభై మంది మా బిళ్ళల మీదే వింటున్నారు. బడి పెద్ద టీచరమ్మ నిన్న ఫోన్ చేసి, తమ దగ్గర తొమ్మిది రోజులకి సరిపడా మాత్రమే ఉన్నాయని చెప్పింది. పదో రోజు నుంచి ఆ బడిలో ఎవరు పాఠం చెప్పినా గోడకి చెప్పినట్టే.

ఇక మిగిలింది నా ఘనకార్యం. బోర్డుకి పంపే ఫారం కంప్యూటర్లో నింపింది నేను. తెచ్చినవి నూట పన్నెండు కిలోలు, వెనక్కి వచ్చినవి నూట పదిహేడు కిలోలు అని వదిన చీటీ రాసిచ్చింది. క్రితం ఏడాది దాకా వెనక్కి వచ్చిన లెక్క తొంభై లోపే ఉండేది. ఇది చూడగానే నాకు నవ్వొచ్చింది. అమ్మినదానికంటే ఎక్కువ తిరిగిరావడమేమిటి? పాపం, పనిలో పడి ఎక్కడో కూడిక తప్పింది అనుకున్నాను. అడిగి చిన్నబుచ్చడం ఎందుకని పెద్దమనసు చేసుకుని, నూట పదిహేడు చెరిపేసి తొంభై తొమ్మిది వేశాను. చూడ్డానికి బుద్ధిగా ఉంటుంది తొంభై తొమ్మిది. వదిన ఆఖరి పేజీలో సంతకం పెట్టింది. ఫారం వెళ్ళిపోయింది. నేను చేసిన సవరణ ఆమెకి చెప్పలేదు. చెబుదామనుకునేలోపే ఇదిగో, ఈయన గుమ్మంలోకి వచ్చేశాడు.

ఆఫీసరు గారు సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ మడత చెదరని చొక్కాలో ఉన్నాడు. బ్యాటరీల వాళ్ళందరూ ఆయన్ని తూకంరాయి అని పిలుస్తారు. ఎందుకో ఇవాళ తెలిసింది. వస్తూనే భుజానికున్న సంచిలోంచి పాత తువ్వాలులో చుట్టిన రెండు కిలోల రాయి తీసి, మా పెద్ద త్రాసు మీద పెట్టాడు. అంకె సరిగ్గా రెండు చూపించాక తీసి మళ్ళీ తువ్వాలులో చుట్టుకున్నాడు. చంకలో మా ఫైలుంది, తాడు కట్టి.

వదిన ఆ ఫైలు కోసం చెయ్యి చాపింది. "కూర్చోండి సార్, ఫారం చూసి మొదలుపెడదామా?"

"లేదమ్మా. నేను ముందు వస్తువు చూస్తాను, తర్వాత కాగితం చూస్తాను. ముందు కాగితం చూస్తే కళ్ళు దానికే అలవాటు పడిపోతాయి," అంటూ ఫైలు తీసుకెళ్ళి కిటికీ గట్టు మీద పెట్టాడు.

ఎంత మంచి పద్ధతి! వేరే రోజైతే శభాష్ అనేవాణ్ణి. ఇవాళ మాత్రం నా కళ్ళు ఆ తాడు ముడి దగ్గరే ఇరుక్కుపోయాయి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన తల తిప్పిన ప్రతిసారీ నేను చొక్కా సర్దుకున్నాను.

మా గోడౌను ఎంత పెద్దదనుకుంటున్నారో, రెండు మంచాలు వేస్తే నిండిపోతుంది. కానీ దాన్ని మా వదిన ఉంచిన తీరు చూడాలి. ఒక గోడ పొడుగునా ఇనుప బల్ల, దాని మీద కొత్త బిళ్ళల పెట్టెలు. ప్రతి అట్ట మీదా కొట్టేసిన చెత్తకుండీ బొమ్మ, అంటే చెత్తలో పారెయ్యొద్దని గుర్తు. ఎదురు గోడకి పన్నెండు డబ్బాలు, మూతల మీద నెలల పేర్లు. ఏ నెలలో వెనక్కి వచ్చిన బిళ్ళలు ఆ నెల డబ్బాలో. తలుపు పక్కన ఇసుక బకెట్లు రెండు, పైన గాలి లాగే ఫ్యాను. నేల మీద పసుపు రంగు గీత, ఆ గీత దాటి చెప్పులతో వెళ్ళినందుకు నేను తిన్న చివాట్లు ఇన్నీ అన్నీ కావు. ఆఫీసరు గారు గీత దగ్గర ఆగి, కిందకి చూసి, బూట్లు విప్పాడు. ఆ పని చూశాక నాకాయన మీద గౌరవమూ పెరిగింది, భయమూ పెరిగింది.

ఒక్కో డబ్బా దించి త్రాసు మీద పెట్టడం నా పని. మొదటి డబ్బా పెట్టగానే ఆయన అడిగాడు.

"ఖాళీ డబ్బా బరువెంత?"

"మూత వెనక రాసుంది సార్," అంది వదిన.

మూత తిప్పి చూశాడు. నిజంగానే రాసుంది, గ్రాములతో సహా, ఏ రోజు తూచిందో తేదీతో సహా. రెండో మూత తిప్పాడు. పన్నెండో మూత దాకా తిప్పాడు. ఆయన పెదవి చివర ఏదో కదిలింది. నవ్వే అనుకుంటాను, కానీ ఆ మొహం మీద దానికి అలవాటు లేనట్టుంది.

పన్నెండు డబ్బాలూ అయ్యాయి. ఆయన చిన్న పుస్తకంలో కూడాడు, మళ్ళీ కింద నుంచి పైకి కూడాడు. "నూట పదిహేడు కిలోల రెండు వందలు."

వదిన తన రిజిస్టరు తిప్పి చూపించింది. అందులోనూ అదే.

కూడిక తప్పలేదు. ఆవిడ రాసిచ్చింది అక్షరాలా నిజం. మరి నేను దిద్దింది? కొండ నాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా పెద్దమనసు.

"మీరు తెప్పించి అమ్మింది ఎంతమ్మా?"

"నూట పన్నెండు కిలోలు."

ఆఫీసరు గారు పెన్ను మూత పెట్టేశాడు. గొంతు మారింది.

"వంద సీసాల పాలు పోసినవాడికి నూట ఐదు ఖాళీ సీసాలు తిరిగొచ్చాయనుకోండి. ఏమనుకోవాలి?"

"ఎవరివో సీసాలు కలిశాయనుకోవాలి."

"కదా. ఊరికే కలవవమ్మా. వెనక్కి తీసుకోవడం చేతకానివాళ్ళు పాత సామాన్ల కొట్లకి వెళ్ళి, ఎవరివో వాడేసిన బ్యాటరీలు మూటలకొద్దీ తెచ్చి, ఇవి మావే అని చూపిస్తున్నారు. అలాంటివాళ్ళని ఈ ఏడాది నలుగురిని పట్టుకున్నాను. వాళ్ళు కూడా మీలాగే శుభ్రంగా డబ్బాల్లో పెట్టారు. కాకపోతే వాళ్ళకి ఎక్కడ ఆపాలో తెలిసింది, మీకు తెలియలేదు."

నాలుగేళ్ళుగా మా వదిన ఒక్కో బిళ్ళా ఏరి తెచ్చుకోవడం నేను చూశాను. ఆ మాట నాకే సూదిలా గుచ్చుకుంది. ఆవిడకి కోపం రావాలి. నాకైతే వచ్చేది, వచ్చి నోరు పారేసుకునేవాణ్ణి, అందుకే ఆవిడ నన్ను రేడియో అంటుంది. ఆవిడ మాత్రం కొంగు బిగించి, బల్ల కింద నుంచి చిన్న చెక్కపెట్టె తీసింది. అందులో నగల కొట్లో వాడే గాజు మూత త్రాసు.

"నేను చెబితే నమ్మొద్దు సార్. తూచండి. మీ రాయి దీనికి పెద్దది, దీని పెట్టెలోనే పది గ్రాముల చిన్న రాయి ఉంది, దాంతో సరిచూసుకోండి. రేడియో, ఫ్యానాపు."

ఫ్యాను ఆపాను. గాలి తగిలితే ఆ త్రాసు అంకె నిలవదు.

"కొత్త పెట్టెల్లోంచి మీకు నచ్చిన పది తీసుకోండి. డబ్బాల్లోంచి మీకు నచ్చిన పది తీసుకోండి. నేను ముట్టుకోను," అని రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది.

ఆయన తెలివైనవాడు. పైపైన తీసుకోలేదు. మూడో నెల డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి తీశాడు. తొమ్మిదో నెల డబ్బాలో నుంచి కొన్ని తీశాడు. సంచిలోంచి భూతద్దం తీసి, ప్రతి బిళ్ళ వీపు మీదా కంపెనీ ముద్ర చూశాడు. అన్నీ మేం తెప్పించే కంపెనీవే. కొత్తవాటికి నారింజ రంగు స్టిక్కరు ఉంటుంది, అవి పీకేసి త్రాసు మీద పెట్టాడు.

"పద్దెనిమిది గ్రాములు," అన్నాడు.

వాటిని తీసి పాతవి పెట్టాడు. అంకె పంతొమ్మిది దాటింది. ఇంకా ఎక్కి, ఊగి, ఆగింది.

"పంతొమ్మిది పాయింటు ఎనిమిది."

ఆయన త్రాసు కేసి చూశాడు, వదిన కేసి చూశాడు, మళ్ళీ త్రాసు కేసి చూశాడు. పాతవి తీసి ఇంకో పది తెచ్చి పెట్టాడు. మళ్ళీ అంతే. కొత్తవి మార్చాడు. మళ్ళీ పద్దెనిమిదే. నేనూ మెడ చాచి చూశాను. పదేళ్ళ నుంచి ఈ బిళ్ళలు అమ్ముతున్నాను, వాడేసింది కొత్తదానికంటే బరువుంటుందని నాకు తెలియదు! ఎప్పుడో ఒకసారి వదిన "ఓ వింత చూపిస్తా రా" అంటే, "సైన్సు మనకెందుకు వదినా, ఆర్డర్లు చూసుకుందాం" అని వెళ్ళిపోయాను. ఆ వింత ఇదన్నమాట.

"ఇదెలా జరుగుతుందమ్మా?" ఆఫీసరు గారి గొంతులో ఇందాకటి కాఠిన్యం లేదు.

వదిన ఇప్పుడు చేతులు విప్పింది. ఒక కొత్త బిళ్ళ తీసి స్టిక్కరు కింద ఉన్న సన్నటి చిల్లులు చూపించింది. "ఈ స్టిక్కరు ఉన్నంతకాలం ఇది నిద్రపోతున్నట్టే సార్. పీకగానే ఈ చిల్లుల్లోంచి గాలి పీలుస్తుంది. లోపల జింకు పొడి ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్ ఆ పొడికి పట్టుకుంటే కరెంటు పుడుతుంది. పీల్చింది మళ్ళీ బయటికి వదలదు. ప్రాణం పోయేసరికి అదంతా లోపలే ఉండిపోతుంది. ఆ బరువే ఇది."

"తుప్పు!" అన్నాడాయన, క్లాసులో ముందు బెంచీ కుర్రాడిలా. "మేకు తుప్పు పడితే బరువు పెరుగుతుంది. స్కూల్లో చదివాను. అదేగా?"

"అదే సార్. మొదట నేనూ నమ్మలేదు. త్రాసు పాడైందనుకుని మూడు త్రాసులు మార్చాను. పక్క వీధి నగల కొట్టాయనతో పోట్లాట కూడా పెట్టుకున్నాను, మీ త్రాసు దొంగ త్రాసని. తర్వాత కంపెనీకి ఉత్తరం రాస్తే వాళ్ళు వివరం పంపారు. అయినా ప్రతి నెలా ఇరవై కొత్తవీ ఇరవై పాతవీ తూచి రాసుకుంటాను. ఇదిగో పుస్తకం."

నలభై ఎనిమిది నెలల తూకాలు. ఒక్క నెల తప్పలేదు. వదిన జ్వరంతో పడుకున్న నెల కూడా నాకు గుర్తుంది, ఆ పేజీలో అక్షరాలు కాస్త వంకరగా ఉన్నాయి, తూకం మాత్రం ఉంది. చూస్తుంటే నా కళ్ళు చెమర్చాయి. ఎవరడిగారు ఆవిడని ఇదంతా చెయ్యమని? ఎవరూ అడగలేదు. తన మీద తనకే ఆ పట్టింపు.

ఆఫీసరు గారు పెన్ను మూత మళ్ళీ తీశాడు. "పెరిగిన బరువు తీసేస్తే నూట ఆరున్నర. అంటే మీరు అమ్మిన వంద బిళ్ళల్లో తొంభై ఐదు మీకు తిరిగొచ్చాయి. అమ్మా, బరువు సంగతి ఒప్పుకుంటాను. ఇది మాత్రం కష్టం. గుండీ అంత వస్తువు. జేబులోంచి జారిపోతుంది. వందకి తొంభై ఐదు ఎవరు తెచ్చిస్తారు మీకు?"

వదిన నోరు తెరిచేలోపే లోపలి తలుపు దబ్బున తెరుచుకుంది. మా అమ్మ. చేతిలో ఆరు గుంటల అట్ట.

"ఏమే కోడలా, అట్ట నిండింది, కొత్తది ఇయ్యి," అంది, వీధి చివరకి వినపడేలా.

బిళ్ళలు ఆరేసి ఒక అట్టలో వస్తాయి. ఒకటి అయిపోతే దాన్ని మళ్ళీ అదే గుంటలో పెట్టాలి. ఆరూ నిండిన పాత అట్ట ఇస్తేనే కొత్త అట్ట. ఇది మా వదిన రూలు. ఈ రూలు కోసం నేను ఎన్ని ఊళ్ళలో ఎన్ని మాటలు పడ్డానో ఆ దేవుడికే తెలుసు.

ఆఫీసరు గారు అట్ట అందుకుని లెక్కపెట్టాడు. "మీరు కూడా పాతవి ఇవ్వాలా పెద్దమ్మా? ఇంట్లో మనిషే కదా!"

"ఇంట్లో మనిషా? దీనికి అత్తా లేదు ఆడబిడ్డా లేదు నాయనా," అమ్మ అందుకుంది. "మొన్న ఒక బిళ్ళ సోఫా కిందకి దొర్లిపోయింది. 'అది తెస్తేగాని కొత్తది రాదు అత్తయ్యా' అంది. రెండు గంటలు చెవిటిదాన్నై కూర్చున్నాను. చివరికి నేనే చీపురు పుచ్చుకుని బోర్లా పడుకుని వెతుక్కున్నాను. ఈ వయసులో!"

"దొరికిందా?"

"దొరక్కపోతే నువ్వడిగింది నాకెలా వినపడేది?"

ఆయన నవ్వాడు. ఈసారి అనుమానం లేదు, నవ్వే. అట్టని రెండు చేతులతో వదినకి తిరిగిచ్చాడు. వదిన మొహం ఎర్రబడింది. అమ్మ తన కొత్త అట్ట తీసుకుని, రాక్షసి అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. ఆ రాక్షసి గురించి పక్కింటివాళ్ళు ఒక్క మాటంటే ఊరుకోదని మాత్రం మీకు చెప్పాలి.

"ఎందుకమ్మా ఇంత?" ఆఫీసరు గారు బల్లకి ఆనుకుని అడిగాడు. "రూలు అడిగేది ఇందులో సగం కూడా కాదు."

"ఒక్క బిళ్ళ ఎంతలే అనుకుంటారు సార్ అందరూ. పోయిన ఏడాది అరవై రెండు వేల బిళ్ళలు నా చేతి మీదుగా బయటికి వెళ్ళాయి. పసిపిల్లలు మింగితే ప్రాణాల మీదకొస్తుంది. చెత్తలో పడితే ఏ నీళ్ళలో కలుస్తాయో తెలియదు. తెప్పించింది నేనే కదా, వెనక్కి తెచ్చుకోవాల్సింది నేను కాక ఎవరు?"

ఇంతే అంది. గొప్పగా చెప్పలేదు, గ్లాసులు కడిగి బోర్లించాను అన్నంత మామూలుగా చెప్పింది. ఆఫీసరు గారు తూకాల పుస్తకం మూసి వదిన చేతికిచ్చాడు. "ఇరవై రెండేళ్ళ ఉద్యోగం నాది," అన్నాడు. "తనిఖీకి వెళ్ళి నేర్చుకుని వెనక్కి వెళ్ళడం ఇదే మొదటిసారి."

నాకు ప్రాణం లేచొచ్చింది. బడి పిల్లలు గుర్తొచ్చారు. పెట్టె వచ్చేస్తుంది, నేనే స్వయంగా తీసుకెళ్ళి టీచరమ్మ చేతిలో పెడతాను అనుకున్నాను. కానీ ఇల్లు అలకగానే పండగ కాదు. ఆయన కిటికీ దగ్గరకి నడిచి ఫైలు తీసుకున్నాడు. తాడు విప్పాడు.

"ఇక కాగితం. ఒక్క నిమిషం పని," అంటూ పేజీలు తిప్పి, ఒక చోట ఆగిపోయాడు.

దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాను నేను.

"తొంభై తొమ్మిది అని ఉందే?"

వదిన దగ్గరికి వెళ్ళి చూసింది. పేజీని ఒకసారి చూసి, ఆఖరి పేజీలో తన సంతకం చూసుకుని, మళ్ళీ మొదటి పేజీకి వచ్చింది. తర్వాత తల తిప్పి నన్ను చూసింది. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి ఆవిడ. నేను ఆవులించనక్కర్లేకపోయింది.

"సంతకం నాదే సార్," అంది. "అంకె నాది కాదు. కానీ చదవకుండా సంతకం పెట్టాను కాబట్టి తప్పు నాది."

నా పేరు ఆవిడ ఎత్తలేదు. వేలు చూపలేదు. ఇంకొక్క క్షణం నేను నోరు మూసుకుంటే ఆ తప్పు మొత్తం ఆవిడ నెత్తికే చుట్టుకుంటుంది. మింగలేక కక్కలేక నిలబడ్డవాణ్ణి, ఎలాగో కక్కేశాను.

"నేనేనండి. నేనే మార్చాను. ఆవిడ నూట పదిహేడు అనే రాసిచ్చింది."

ఆఫీసరు గారు నన్ను అప్పుడే కొత్తగా చూసినట్టు చూశాడు. "తగ్గించారా? పెంచి రాసినవాళ్ళని వందమందిని చూశాను. తగ్గించి అబద్ధం ఆడినవాణ్ణి నిన్నే చూస్తున్నానయ్యా!"

"సార్, పిల్లల బడి ఉంది సార్. తొమ్మిది రోజులకే ఉన్నాయి. మీరే తూచారు కదా, ఆ తొంభై తొమ్మిది మీద ఒక్క గీత కొట్టి సరిచేసేస్తే..."

"ఒకసారి సరిచేశావుగా," అంది వదిన. అంతే. గొంతు పెంచలేదు. నేను మళ్ళీ నోరెత్తితే ఒట్టు. ఆవిడ ఆఫీసరు గారి వైపు తిరిగింది. "మీరు ఏం చూశారో అది రాయండి సార్. ఫారంలో ఏముందో అది కూడా రాయండి. గీతలొద్దు."

ఆయన రాశాడు. రాసింది పైకి చదివాడు. తూకం నిజం, పద్ధతి నిజం, ఫారం అబద్ధం. ఫైలుకి తాడు కడుతూ మాకు సంగతి చెప్పాడు. "అబద్ధపు అంకె పైకా కిందికా అని రూలు అడగదు. ఇది బోర్డు కమిటీకి వెళ్ళాలి. మామూలుగా మూడు వారాలు పడుతుంది. కమిటీ రేపు పదకొండింటికి కూర్చుంటోంది, ఈ ఫైలు ఆఖర్న పెట్టిస్తాను. నా చేతిలో ఉన్నది అంతే. వాళ్ళు నమ్మితే రేపే సంతకం. నమ్మకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, రెండేళ్ళు మళ్ళీ దరఖాస్తు కూడా పెట్టుకోకూడదు."

"నేను వస్తాను," అంది వదిన.

"మీరు రండి, కానీ మీరు మాట్లాడకూడదమ్మా. అంకె ఎవరు మార్చారో వాళ్ళే చెప్పాలి. ఏడుగురు ఉంటారు. మొదట ఒకటే అడుగుతారు, ఎందుకు మార్చావని." ఆయన పసుపు గీత అవతల బూట్లు తొడుక్కుని, వదినకి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. నాకు పెట్టలేదు.

ఇంకెవరైనా అయితే అప్పుడు నన్ను దులిపేసేవాళ్ళు. వదిన దులపలేదు, అదే నాకు ఎక్కువ భయమేసింది. పన్నెండు డబ్బాలూ వాటి చోట్లలో సర్దింది. ఫ్యాను వేసింది. రెండు పీటలు ఎదురెదురుగా వేసి, ఒకదాని మీద తను కూర్చుని, రెండోది నాకు చూపించింది.

"కూర్చో. నేనే కమిటీని. ఎందుకు మార్చావు?"

"కూడిక తప్పిందనుకున్నాను."

"చీటీ నీ చేతిలో ఉంది. రిజిస్టరు ఈ బల్ల మీద ఉంది. తీసి ఒకసారి కూడి చూడొచ్చుగా?"

"నిన్ను చిన్నబుచ్చడం ఇష్టం లేక..."

"కమిటీ నవ్వుతుంది. ఎందుకు మార్చావు?"

ఊళ్ళు తిరిగి, నోరే పెట్టుబడిగా బతికినవాణ్ణి. ఏ ప్రశ్నకైనా పది జవాబులుంటాయి నా దగ్గర. ఆవిడ ఎదురుగా పీట మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తుంటే ఒక్కటీ నిలబడలేదు. చివరికి అడుగున ఉన్నది ఒక్కటే మిగిలింది.

"నిన్ను నమ్మలేదు వదినా," అన్నాను. "నాలుగేళ్ళు చూశాను, అయినా నీ లెక్క కంటే నా ఊహే నిజమనుకున్నాను."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇందాక ఆఫీసరు దొంగ అన్నంత పని చేసినా తిరగని నీళ్ళు. కొంగుతో తుడుచుకోలేదు, దాచుకోలేదు.

"ఈ మాట రేపు అక్కడ, ఏడుగురి ముందు, నన్ను పక్కన పెట్టుకుని చెప్పగలవా?"